పాహువా, పద వెళ్దాం

జనవరి 14, మంగళవారం

మళ్లీ అదే గది. కాలేజీలో ఇన్ని గదులు ఉండగా స్పీచ్ క్లాసుకి ఇదే ఎందుకు దొరుకుతుందో నాకు అర్థం కాదు. అదే బూడిదరంగు తివాచీ, మూల పగిలిన అదే తెల్లబోర్డు, ముందు అదే చెక్కబల్ల. చివరి వరసలో తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

పొద్దున కౌన్సెలర్ బెల్ట్రాన్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కంప్యూటర్ తెర నావైపు తిప్పి ఎప్పటి పాటే పాడింది.

"అన్నీ అయిపోయాయి పాహువా. సోషల్ వర్క్‌కి కావలసినవన్నీ అయ్యాయి. అక్కర్లేనివి కూడా చదివేశావు. కుండలు చేసే క్లాసు ఎందుకు తీసుకున్నావమ్మా?"

"ఊరికే."

"ఈ కాలేజీలోనే ముసలిదానివి అయిపోతావు. ఈ ఒక్క స్పీచ్ క్లాసు పూర్తికాకపోతే శాక్రమెంటో యూనివర్సిటీవాళ్లు నిన్ను తీసుకోరు. ఇది మూడోసారి. మధ్యలో వదిలేసినా ఒకసారి కిందే లెక్క. నాలుగోసారి మేము పేరు రాసుకోం. తెలుసు కదా?"

తెలుసు. నవ్వుతూ తల ఊపి వచ్చేశాను.

మొదటిసారి నేను పనిచేసే క్లినిక్‌లో షిఫ్టు మారడం వల్ల వదిలేశాను. రెండోసారి నాయనమ్మకి మోకాలి ఆపరేషన్. రెండూ నా చేతుల్లో లేనివే. ఈసారి షిఫ్టు మారదు, నాయనమ్మ మోకాలు బాగానే ఉంది. కాబట్టి ఇబ్బంది ఏమీ లేదు.


జనవరి 16, గురువారం

పంతులు పేరు హాగోపియన్. ఇక్కడి ఆర్మీనియన్ ముసలాయన. చొక్కా జేబులో పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని వస్తాడు. పాఠం చెబుతూ మధ్యలో ఒక గింజ నోట్లో వేసుకుంటాడు. పొట్టు ఎక్కడ ఉమ్ముతాడో ఇంతవరకూ నా కంటపడలేదు.

"ఈ క్లాసులో ఒకే ఒక్క నియమం," అన్నాడు. "చివరి వరసలో వాడికి వినబడకపోతే మీరు మాట్లాడనట్టే."

చివరి వరసలో నా పక్కన రొహేలియో అని ఒకాయన కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు లారీ తోలాడట. నడుము పోయాక చదువులో పడ్డాడు. నావైపు వంగి, "చూశావా, మనకి ఎంత విలువో. మనం వినకపోతే వాళ్లందరూ మూగవాళ్లే," అన్నాడు. నవ్వొచ్చింది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక్కొక్కరూ లేచి తమ గురించి చెప్పుకోవాలట. ఇంకా చాలా టైముంది.


జనవరి 29

ఇంకా టైముంది.


ఫిబ్రవరి 4, మంగళవారం

నా వంతు రాకుండానే గంట అయిపోయింది. హమ్మయ్య.


ఫిబ్రవరి 6, గురువారం

వచ్చింది.

వెళ్లి నిలబడ్డాను. "నా పేరు" అన్నాను. ఆ తర్వాత మాట పెగల్లేదు. అందరూ మర్యాదగా ఎదురుచూశారు. ఆ మర్యాదే నన్ను చంపింది. హాగోపియన్ సార్ ఒక గింజ నమిలి, "పర్వాలేదు, మంగళవారం చూద్దాం," అన్నాడు. కూర్చున్నాక రొహేలియో తన నీళ్లసీసా నా ముందుకి జరిపాడు.

విచిత్రం ఏమిటంటే, క్లినిక్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోరు మూతపడదు. యుద్ధమప్పుడు మెకాంగ్ నది దాటి వచ్చిన, ఇంగ్లీషు రాని మా మోంగ్ ముసలివాళ్లకీ డాక్టర్లకీ మధ్య దుబాసీని నేనే. మా పనిలో పద్ధతి ఏమిటంటే, వాళ్లన్న మాటని వాళ్లే అన్నట్టు చెప్పాలి. తావ్ తాతయ్య "నాకు నాలుగు రోజులుగా విరేచనం కాలేదు" అంటే, "ఆయనకి కాలేదట" అనకూడదు. "నాకు నాలుగు రోజులుగా విరేచనం కాలేదు" అని నేనే డాక్టరు కళ్లలోకి చూసి చెప్పాలి. చెబుతాను. సిగ్గేమీ ఉండదు. ఇంటికి వచ్చేలోగా నాకు పది జబ్బులు, ఇద్దరు భర్తలు, ఒక పాత తూటా గాయం కూడా ఉంటాయి.

నా పేరు, నా ఊరు చెప్పమంటే మాత్రం గొంతు పోయింది. జలుబు వల్ల అయ్యుంటుంది.


ఫిబ్రవరి 8, శనివారం

నాయనమ్మ పట్టేసింది. మా చేలో నిమ్మగడ్డి కట్టలు కడుతుంటే నా చేతులే చూస్తూ ఉంది.

"అన్నం తినడం లేదు. నిద్రలో ఉలిక్కిపడుతున్నావు. ఎక్కడ జడుసుకున్నావే?"

"ఎక్కడా లేదు."

"నాకు చెప్పకు. నీ అయ్యని పెంచినదాన్ని, నిన్ను పెంచినదాన్ని. మనిషికి ప్రాణం ఒక్కటే ఉండదు. జడుసుకున్నచోట ఒకటి చతికిలబడి కూర్చుంటుంది. మిగతావి ఇంటికొస్తాయి. వచ్చినవాటికి ఆకలుండదు, నిద్రుండదు. చెప్పు, ఎక్కడ కూర్చుంది?"

గడ్డి కోస్తున్న అమ్మ కూడా కత్తి ఆపి చూస్తోంది. ఏదో ఒకటి చెబితే వదిలేస్తారనుకున్నాను.

"మార్కెట్ పార్కింగ్‌లో. కుక్క మీదికొచ్చింది. పెద్ద నల్లకుక్క."

"నల్లదా!" అంది నాయనమ్మ, అమ్మవైపు చూసి. "నేను అనుకుంటూనే ఉన్నాను."


ఫిబ్రవరి 15, శనివారం

వదల్లేదు. చేతికి దారాలు నిండుగా ఉన్నాయి, రాయడం కష్టంగా ఉంది.

పొద్దున ముగ్గురం మార్కెట్‌కి వెళ్లాం. నాయనమ్మ పూసల కోటు వేసుకుంది. ఒక చేతిలో బియ్యం గిన్నె, దాని మధ్య నిలబెట్టిన గుడ్డు, ఇంకో చేతిలో వెలిగించిన అగరొత్తులు. నా పాత జాకెట్టు భుజాన వేసుకుంది, నా ప్రాణం దాన్ని గుర్తుపట్టాలని. "ఎక్కడ?" అంది. బండ్లు తోసుకెళ్లే చోటు పక్కన ఏదో ఒక జాగా చూపించాను.

అక్కడ నిలబడి నాయనమ్మ గొంతెత్తి పిలిచింది. "పాహువా, రావే, ఈ తారు మీద ఎందుకు కూర్చున్నావు, కుక్క వెళ్లిపోయింది, ఇంటికి రా!" జనం బండ్లు ఆపి చూశారు. ఒకావిడ వచ్చి గుడ్లు అమ్ముతున్నారా అని నన్ను అడిగింది. అమ్మ సిగ్గుతో కారు వెనక్కి పోయింది. నాయనమ్మకి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

ఇంటికొచ్చాక కోళ్లు ఉడికించారు. బాబాయిలు, పిన్నులు, మేనత్త అందరూ వచ్చారు. తలా ఒక తెల్లదారం నా మణికట్టుకి కట్టి, ప్రాణం స్థిరంగా ఉండాలని, ఆరోగ్యం బాగుండాలని దీవించారు. మేనత్త అయితే "కుక్కలంటే భయపడని మొగుడు రావాలి" అని కట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లేని కుక్క కోసం రెండు కోళ్లు పోయాయి.

నాయనమ్మ ఉడికిన గుడ్డు ఒలిచి వెలుతురుకి పెట్టి చూసింది. గుడ్డు నున్నగా ఉంటే ప్రాణం ఇంటికొచ్చినట్టు. ఒక పక్క సొట్టపడి ఉంది. ఏమీ అనకుండా పళ్లెంలో పెట్టేసింది. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.


ఫిబ్రవరి 18, మంగళవారం

"నా పేరు పాహువా లోర్, నేను క్లినిక్‌లో పనిచేస్తాను." అంతే చెప్పి కూర్చున్నాను. సున్నా రాలేదు. సున్నా పక్కింట్లో ఉండేది వచ్చింది.


మార్చి 4, మంగళవారం

శాక్రమెంటో నుంచి వచ్చింది! సీటు ఇచ్చారు. ఫోనులో చూసి క్లినిక్ మందుల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఎగిరాను. ఆగస్టు నుంచి, సోషల్ వర్క్, మూడో సంవత్సరంలో చేరడం. కింద ఒక వాక్యం ఉంది. మిగిలిన స్పీచ్ క్లాసు ఈ వేసవిలోగా పాసై ఉండాలి, లేకపోతే ఈ సీటు చెల్లదు. అది అందరికీ రాసే వాక్యమే.

ఇంట్లో చెప్పాను. అమ్మ పొయ్యి మీది గిన్నెకి మూత పెట్టింది. తర్వాత, "యూనివర్సిటీ ఇక్కడ కూడా ఉంది కదే. చేలోంచి చూస్తే కనబడుతుంది," అంది.

"అక్కడ కోర్సు బాగుంటుందమ్మా."

కోర్సు రెండుచోట్లా ఒకటే. ఇక్కడ ఎటు వెళ్లినా నేను ఎవరో ఒకరి నోటిని. బ్యాంకులో ఎదురైతే బ్యాంకువాడితో మాట్లాడమంటారు, టైర్ల కొట్టు దగ్గర కనబడితే టైర్లవాడితో. ఎవరూ "నువ్వేమంటావు?" అని అడగరు. అలా అడిగే ఊరికి పోవాలనుంది. అమ్మకి ఈ మాట ఎలా చెప్పాలి?

"శాక్రమెంటోలో మీ పెద్ద బాబాయి ఉన్నాడుగా, వాళ్లింట్లో ఉంటుంది," అని నాయనమ్మ తేల్చేసింది. నావైపు తిరిగి, "సంతోషించాల్సినదానివి, గుడ్లు తేలేస్తున్నావేం?" అంది.

సంతోషంగానే ఉన్నాను.


మార్చి 5

క్లాసు వదిలేసే ఆలోచన లేదు. వదిలేయడానికి చివరి తేదీ ఎప్పుడో ఊరికే చూశాను.


మార్చి 13, గురువారం

రెండో ప్రసంగం. నా ముందు ఇద్దరు ఉన్నారనగా బాత్రూమ్‌కని లేచి వెళ్లాను. మళ్లీ లోపలికి వెళ్లలేదు. కార్లో కూర్చుని క్లాసు అయిపోయేదాకా రేడియో విన్నాను.

సార్ కారు దగ్గరికే వచ్చాడు. అద్దం దించాను.

"నీకు సంచి మర్చిపోయే అలవాటుందా?" అని నా సంచి అందించాడు. "చూడమ్మా, ఇక అన్నీ చివరి ప్రసంగం మీదే. అది బాగా ఇస్తే గట్టెక్కుతావు. ఇవ్వకపోతే నేను చేయగలిగింది లేదు. నిన్ను చూస్తే జాలేస్తుంది కానీ, జాలికి మార్కులు లేవు."

కోపం రావాలి. రాలేదు. అలా ముఖం మీద చెప్పినందుకు కాస్త నయంగానే అనిపించింది.


మార్చి 15, శనివారం

దొరికిపోయాను.

నాయనమ్మ చేపలకని మార్కెట్‌కి వెళ్లింది. వెళ్లినావిడ చేపలు కొనుక్కుని రావచ్చు కదా. పార్కింగ్‌లో కాపలా ఉండే వాంగ్ పెద్దాయన్ని పట్టుకుని, ఆ నల్లకుక్కని కట్టేయవచ్చు కదా అని నిలదీసింది. ఆయన, "పిన్నీ, నేను ఇక్కడ చేరాక కుక్క మొహమే చూడలేదు" అన్నాడట.

నాయనమ్మ చేపల సంచి సింకులో పడేసి నా ముందు కూర్చుంది.

"అందుకే గుడ్డు సొట్టపోయింది. నేను ముసలిదాన్నైపోయాను, నా నోట్లో బలం పోయింది, పిల్ల ప్రాణం నా మాట వినడం లేదు అనుకున్నాను. నెల రోజులు నన్ను నేను తిట్టుకున్నానే!"

ఆ మాటకి ఏడుపొచ్చేసింది. అంతా చెప్పేశాను. షిఫ్టు మారలేదు. రెండేళ్ల కిందట ఆ గదిలో, ఆ బల్ల ముందు, నలుగురిలో నిలబడి మాట్లాడబోయి కళ్లు తిరిగి పడిపోయాను. లేచేసరికి అందరూ నా చుట్టూ ఉన్నారు, ఎవరో నా బూట్లు విప్పుతున్నారు. ఒక సాక్సుకి చిల్లు ఉంది. ఆ తర్వాత ఆ క్లాసుకి పోలేదు. రెండోసారి నాయనమ్మ ఆపరేషన్ నిజమే కానీ, అది సెలవుల్లో అయింది.

నాయనమ్మ మొదట అడిగింది, "సాక్సు చిల్లుదా?"

"ఊఁ."

"అయ్యో నా తల్లీ." నా తల ఒళ్లో పెట్టుకుంది. కాసేపయ్యాక, "ఆ గది ఎక్కడ?" అంది.

"వద్దు నాయనమ్మా. అది కాలేజీ."

"అయితే? రెండేళ్లుగా పిల్ల అక్కడ తివాచీ మీద కూర్చుని ఉంది. దాన్ని అక్కడే వదిలేసి నువ్వు శాక్రమెంటో పోతావా? సగం మనిషివి పోయి ఏం చదువుతావు?"

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ ఇంతకాలం తర్వాత ఒకరికి చెప్పేసరికి గుండెల మీద బరువు దిగినట్టుంది. ఇవాళ చేపల పులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.


మార్చి 20, గురువారం

సార్‌ని అడగాలి.


మార్చి 27

అడగాలి.


ఏప్రిల్ 3, గురువారం

నేను అడగలేదు. నాయనమ్మ క్లినిక్‌కి బీపీ చూపించుకోవడానికి వచ్చి, అటునుంచి అటే కాలేజీకి నాతో కారెక్కింది. దిగి, కుంటుకుంటూ నాకంటే ముందు నడిచి, గదిలో సార్ ముందు నిలబడింది.

"ఈయనేనా? చెప్పు."

దుబాసీ పనికి దిగాను, ఏం చేస్తాను. నాయనమ్మ అన్నది అన్నట్టే: "నా మనవరాలి ప్రాణం ఒకటి మీ గదిలో ఉండిపోయింది. వచ్చి తీసుకెళ్తాను. మీ పాఠానికి అడ్డం రాను. ఎప్పుడు రమ్మంటారు?"

రొహేలియో సెల్‌ఫోన్ పక్కన పెట్టేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సార్ గింజ నమలడం ఆపాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"వచ్చే వారం తర్వాత సెలవులు," అన్నాడు. "శనివారం నా బల్ల సర్దుకోవడానికి వస్తాను, తాళం నా దగ్గరుంటుంది. చిన్నప్పుడు నేను జడుసుకుంటే మా నాయనమ్మ సీసం కరిగించి నీళ్లలో పోసేది. వంటిల్లంతా పొగ. మీవాళ్లు కూడా పొగ పెడతారా?"

"అగరొత్తులు."

"గదిలో వద్దు. పొగకి గంట మోగి ఫైరింజన్ వస్తుంది."

నాయనమ్మకి చెప్పాను. "పొగ కూడా పెట్టుకోనివ్వని చదువు!" అంది. అది మాత్రం ఆయనకి చెప్పలేదు.


ఏప్రిల్ 12, శనివారం

వివరంగా రాయాలి.

అగరొత్తులు బయట మెట్టు మీద గుచ్చాం, తలుపు తీసిపెట్టి. అమ్మ అక్కడే కాపలా కూర్చుంది. సార్ తన బల్ల సొరుగులు ఖాళీ చేసుకుంటూ ఒక మూల ఉన్నాడు. నేను అలవాటుగా వెనక వరసలోకి పోబోతే నాయనమ్మ రెక్క పట్టుకుని ఆపింది. "నువ్వెక్కడికి? పడింది ఎక్కడో చూపించు."

చూపించాను. చెక్కబల్లకి ఎడమపక్క. నాయనమ్మ బియ్యం గిన్నె అక్కడ నేల మీద పెట్టి, నా జాకెట్టు పరిచి, నిలబడింది. ఎదురుగా ఖాళీ కుర్చీలు. కాగితం లేదు, తడబాటు లేదు. ఇల్లంతా తనదే అన్నట్టు నిలబడి పిలిచింది.

సార్ నెమ్మదిగా, "ఏమంటున్నారు?" అని అడిగాడు.

నాయనమ్మ పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. మా పనిలో పద్ధతి ఒకటే కదా, ఆవిడ అన్నది నేనే అన్నట్టు చెప్పాలి. ఆవిడ మోంగ్‌లో, వెంటనే నేను ఇంగ్లీషులో:

"పాహువా, రా. ఈ నేల చల్లగా ఉంది, ఇక్కడ ఎందుకు కూర్చున్నావు? ఇక్కడ నీకు అన్నం పెట్టేవాళ్లు లేరు. పడిపోయావు, అంతే కదా. పడనివాళ్లు ఎవరు? నేను మెకాంగ్ నది దాటిన రోజు ఒడ్డున పడ్డాను, మీ తాత నన్ను బురదలోంచి లాగాడు, ఆయన రెండు కాళ్లకీ బూట్లే లేవు. ఎవరూ నవ్వలేదు. నీ సాక్సుకి చిల్లు ఉంటే ఏం, నేను కుడతాను. ఇదిగో నీ జాకెట్టు. ఇదిగో గుడ్డు. లే, పాహువా, ఇంటికి రా. నీకోసం అందరం అన్నం ముందు కూర్చుని ఉన్నాం."

నా పేరు పెట్టి నన్ను నేనే పిలుస్తున్నానని మధ్యలో తెలిసింది. ఆగబోయాను. కానీ నాయనమ్మ ఆగడం లేదు, ఆవిడ ఆగకపోతే నేను ఆగడానికి లేదు.

అయిపోయాక నాయనమ్మ జాకెట్టులో ఏదో ఉన్నట్టు జాగ్రత్తగా మడిచి చంకన పెట్టుకుంది. సార్‌వైపు తిరిగి, "పిల్లల్ని ఇంత జడిపించే చదువు ఏం చదువని అడుగు," అంది.

"మా నాయనమ్మ మీకు ధన్యవాదాలు చెబుతోంది," అన్నాను.

"అన్నీ చెప్పావా?" అంది నాయనమ్మ.

"చెప్పాను."

"చెప్పలేదు. ఆయన మొహంలో రాలేదు."

సార్ కళ్లజోడు తుడుచుకున్నాడు. తాళం వేస్తూ నాతో అన్నాడు: "మీ నాయనమ్మకి ఏ-ప్లస్. అది ఆవిడ ప్రసంగం, నీ లెక్కలో పడదు. నీది మే నెలలో వింటాను."

గుడ్డు ఇంటికొచ్చాక ఉడికించారు. నున్నగా, గుండ్రంగా ఉంది. నాయనమ్మ దాన్ని అందరికీ చూపించింది, అమ్మకి రెండుసార్లు.

నాకు నమ్మకం లేదు. ఆకలేసింది, తిన్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు గుర్తొస్తోంది, ఇవాళ అంతసేపూ నేను నిలబడ్డది ఆ బల్ల పక్కనే.


ఏప్రిల్ 24, గురువారం

చివరి ప్రసంగానికి విషయం ఇచ్చేశాను. మొదట చక్కెర జబ్బువాళ్లు ఏం తినాలో చెబుదామనుకున్నాను. క్లినిక్‌లో కరపత్రం ఉంది, చదివేస్తే సరిపోతుంది. రొహేలియో చూసి, "ఇది నీ మాటా, కరపత్రం మాటా?" అన్నాడు. ఒళ్లు మండింది. కొట్టేసి ఇంకోటి రాశాను.


మే 19

రేపు. అన్నం తిన్నాను. నిద్ర సంగతి తెలియదు.


మే 20, మంగళవారం

అయిపోయింది. అయిపోయింది. అయిపోయింది.

నాది మూడో వంతు. లేచి వెళ్లాను. రెండు చేతులతో బల్ల పట్టుకున్నాను. మొదటి వాక్యం నేను రాసుకున్నది కాదు. "రెండేళ్ల కిందట ఈ గదిలో, ఇక్కడే, నేను పడిపోయాను. ఇవాళ పడితే దయచేసి బూట్లు విప్పకండి," అన్నాను.

వాళ్లు నవ్వారు! నా మీద కాదు, నాతో కలిసి నవ్వారు. ఆ తేడా ఎలా తెలుస్తుందో రాయలేను, తెలిసిపోతుంది.

పిల్లల చేత దుబాసీ పని చేయించకూడదు అన్నది నా విషయం. తొమ్మిదేళ్లప్పుడు అమ్మతో ఆసుపత్రికి వెళ్లి, అమ్మ గర్భసంచి గురించి డాక్టరుకి చెప్పిన సంగతి చెప్పాను. గర్భసంచికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. "మా అమ్మ పొట్టలో పాపాయిల సంచి కిందికి జారింది" అన్నాను. డాక్టరు పెద్దమనిషి, మళ్లీ నన్నే "ఎంత కిందికి?" అని అడిగాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. తర్వాత, ఆ రోజు ఇంటికొస్తూ అమ్మ చచ్చిపోతుందేమోనని భయపడి, ఆ సంగతి తెలిసింది ఇంట్లో నాకొక్కదానికే కాబట్టి ఎవరికి చెప్పాలో తెలియక బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నానని చెప్పాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ మాటలు ఎవరివీ కావు. నావే.

మధ్యలో ఒకచోట ఆగిపోయాను. బుర్ర ఖాళీ అయిపోయింది. చివరి వరసలో రొహేలియో తలకాయ మాత్రం కనబడింది. చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు, వినబడటం లేదన్నట్టు. కోపమొచ్చి గొంతు పెంచాను. పెంచాక మిగతాది వచ్చేసింది.

బయటికొచ్చాక రొహేలియో అన్నాడు, "మా అమ్మకి రొమ్ములో గడ్డ ఉంటే డాక్టరుతో మాట్లాడింది నేనే. పదకొండేళ్లు నాకు." ఇద్దరం మెట్ల మీద కూర్చుని సార్ ఇచ్చిన గింజలు నమిలాం. పొట్టు ఎక్కడ ఉమ్మాలో అప్పుడు తెలిసింది. సార్ ప్యాంటు జేబులో చిన్న డబ్బా ఉంటుంది.


మే 21

అమ్మకి చెప్పాను. అమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. "నా గర్భసంచి సంగతి వాళ్లందరికీ ఎందుకే!" అంది. సాయంత్రం కూర తరుగుతూ అడిగింది, "వాళ్లేమన్నారు?"

"నవ్వారు. తర్వాత ఒకమ్మాయి ఏడ్చింది."

అమ్మ చాలాసేపు చిక్కుడుకాయలు తుంచింది. "నిన్ను తీసుకెళ్లి ఉండకూడదు," అంది. "ఇంకెవరూ లేరే మరి."

"తెలుసమ్మా."


మే 30, శుక్రవారం

బీ. పాసయ్యాను! "చివర్లో ఇంకాస్త నెమ్మదిగా" అని రాశాడు సార్. బెల్ట్రాన్ మేడమ్ ఫోన్ చేసి, "ఇక ఈ కాలేజీ నీకు నేర్పడానికి ఏమీ లేదు, దయచేసి వెళ్లిపో," అంది. శాక్రమెంటోవాళ్ల దగ్గర కూడా అంతా సరిపోయిందట.

హమ్మయ్య. ఈ మాట ఈ పుస్తకంలో ఇంతకుముందు కూడా ఉంది. వెనక్కి తిప్పి చూశాను. అది తప్పించుకున్నప్పటిది.


ఆగస్టు 16, శనివారం

కారు నిండా సామాన్లు. బియ్యం మూట, నిమ్మగడ్డి నారు కుండీలో (ఆ కుండీ నేను చేసిందే, ఒక పక్కకి వాలి ఉంటుంది), పెద్ద బాబాయి వాళ్లకి అమ్మ పెట్టిన ఎండుకారం. బయల్దేరబోతుంటే నాయనమ్మ ముందుసీట్లో ఎక్కి కూర్చుంది.

"ముందు కాలేజీకి పోనీ."

"ఎందుకు? ప్రాణాన్ని పిలుచుకొచ్చేశాం కదా."

"తెచ్చాం. దానికి చెప్పొద్దా, ఊరు మారుతున్నామని? ఏడేళ్లు తిరిగిన చోటు. అలవాటుకొద్దీ మళ్లీ ఇక్కడికే వచ్చి నీకోసం వెతుక్కుంటుంది."

ఏడేళ్లు. రెండేళ్ల కాలేజీలో. కారు కాలేజీవైపు తిప్పాను.

పార్కింగ్‌లో దిగాం. సోమవారం నుంచి సెమిస్టరు, కొత్తవాళ్లు సంచులు మోసుకుని గదుల నంబర్లు వెతుక్కుంటూ తిరుగుతున్నారు. నాయనమ్మ గొంతు సవరించుకుంది. దగ్గొచ్చింది. రెండు రోజులుగా గొంతు బొంగురుపోయి ఉంది.

"నా వల్ల కాదు. నువ్వు పిలువు."

"నేనా? ఎవరైనా తమని తాము పిలుచుకుంటారా?"

"ఆ రోజు గదిలో పిలిచావు కదే, ఇంగ్లీషులో. నేను వినలేదా? ఇప్పుడు మన మాటలో పిలువు. నాకు ఇక్కడ ఎండ కొడుతోంది."

చుట్టూ చూశాను. చక్రాల చెక్క మీద జారుతూ వెళ్తున్న ఒకడు ఆగాడు. ఇద్దరు అమ్మాయిలు కూడా ఆగారు. పోనీలే అనుకున్నాను.

"పాహువా," అన్నాను. "పద, వెళ్దాం. ఇక్కడ మన పని అయిపోయింది. శాక్రమెంటోలో పెద్ద బాబాయి వాళ్లింట్లో ఉంటాం, పైగదిలో, కిటికీ తూర్పువైపు."

నాయనమ్మ కారు తలుపుకి ఆనుకుని తల అడ్డంగా ఊపింది.

"ఇంకా గట్టిగా. చివరి వరసలో కూర్చునుంటే వినబడొద్దూ?"

ఆవిడకి సార్ నియమం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నవ్వుకున్నాను, ఊపిరి నిండా పీల్చుకున్నాను, గట్టిగా పిలిచాను.